వచ్చిన పని

రామతీర్థం సత్రంలో రిజిస్టరుకి ఐదు గళ్ళు.

పేరు: కర్రోతు తవుడు.
ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదని
నన్ను పొరుగమ్మకి అమ్మేసి
చేటెడు తవుడు కొలిచి మళ్ళీ కొనుక్కుంది మా అమ్మ.
ఊరు: నెల్లిమర్ల.
వృత్తి దగ్గర పెన్ను ఆగింది.
జూట్ మిల్లు అని రాసి, కాస్త ఎడంగా
లాకౌటు అని కూడా రాశాను,
అబద్ధమాడినట్టు ఉండకూడదని.
వచ్చిన పని అన్న గడి మాత్రం వదిలేశాను.
గుమస్తా సన్నాసప్పడు కళ్ళజోడు మీంచి చూసి
"ఏటుంటాది, దర్శనమే" అంటూ తనే నింపేశాడు.
ఐదో గడి, వెళ్ళిన వేళ. అది తరవాత.

నేనొచ్చింది నిద్దరకి.
ఇరవై ఏడేళ్ళు రాత్రి షిఫ్టు చేసిన ఒంటికి
మిల్లు మూశారని ఎవరూ చెప్పలేదు.
పదయ్యేసరికి మోగని సైరను మోగుతుంది,
కాళ్ళు వాటంతటవే చెప్పులు తడుముతాయి.
అందరూ పడుకున్న ఇంట్లో
గోడకానుకుని కూర్చున్న నన్ను చూసి
మనవరాలు ఒకసారి దడుసుకుంది.
"నాలుగ్రోజులు కొండకాడ ఒరిగి రా" అని
తువ్వాలు, మందుబిళ్ళలు చేతిలో పెట్టింది
మా నారాయణమ్మ.

నాలుగో నంబరు గది.
ఒక చాప, ఒక చెంబు,
గోడమీద ఏ పెళ్ళివారో వదిలేసిన పసుపు చెయ్యి.
పక్క గదిలో యాత్రికులు గుర్రుపెడుతుంటే
వాళ్ళ ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడున్నాను,
మగ్గాల చప్పుడు లెక్కపెట్టినట్టు.

మూడింటికి తలుపు తీసి
గుడి మెట్లవైపు పోబోయి
ఎందుకో రెండో కొండకి మళ్ళాను.
గురుభక్తులకొండ. చిన్నప్పుడు సీతాఫలాలకి తప్ప
ఎక్కింది లేదు.
పైన దొనలో నీళ్ళు, నీళ్ళలో చుక్కలు.
తెల్లారేసరికి ఇటికలు కనబడ్డాయి.
వరసగా గదులు. పైకప్పు లేదు, తలుపు లేదు,
తాళానికి అడ్వాన్సు అడిగే సన్నాసప్పడూ లేడు.
ఒకదాన్ని అడుగులతో కొలిచాను.
ఇటు మూడు, అటు మూడున్నర.
కింద నా గది కన్నా ఓ చెయ్యి తక్కువ.

మేకల్ని తోలుకొచ్చిన అసిరమ్మ
"గుండు సాములవి బాబూ ఈ గదులు,
వానాకాలం పడితే ఎటూ కదిలేవోరు కారంట,
పురుగూ పుట్రా కాలికింద పడతాదని" అంది,
నిన్నమొన్న ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ గురించి చెప్పినట్టు.
"రేత్రులు పడుకునేవోరా?" అనడిగాను.
"నానేటి సూసానా" అని నవ్వింది.

ఐదో తరగతిలో మేష్టారు చెప్పారు
బుద్ధుడంటే మేలుకున్నవాడని.
మేలుకున్నాయన ఇంటికొచ్చి
నిద్దర అప్పడుగుతున్నాను చూడు!
నా మెలకువ వేరే రకం.
మెత్తబడని జనపనార,
ఎంత వడికినా దారం కాదు.

ఇటికలకి వీపు ఆనించాను.
రాత్రి చలి ఇంకా వాటిలోనే ఉంది.
కింద గుడి మైకు గరగరమంది.
సైరను కాదది, అని చెవి తేల్చుకునేలోగా
ఏమైందో తెలీదు.

లేచేసరికి ఎండ మోకాళ్ళదాకా వచ్చింది.
మొహం మీద ఎవరు కప్పారో మోదుగాకు.
అసిరమ్మ లేదు, మేకలు లేవు.
తువ్వాలు ఒక కొస నమిలేసి ఉంది.

ఆ రాత్రి మళ్ళీ పదికి సైరను.
ఒక్క పగటి కునుక్కి ఇరవై ఏడేళ్ళు తీరవు.
కాళ్ళు చెప్పులు వెతికాయి,
వెతకనిచ్చాను,
వాటి వెనకే కొండదాకా నడిచాను.

నాలుగో రోజు సన్నాసప్పడు రిజిస్టరు జరిపాడు.
వెళ్ళిన వేళ: ఉదయం ఆరు.
దర్శనం అన్న మాట కొట్టేద్దామని
పెన్ను దానిమీదకి తెచ్చి,
ఎందుకులే అని మూత పెట్టేశాను.

ఇంటికెళితే నారాయణమ్మ ముందు చూసింది తువ్వాలే.
"ఏటిది, ఎవులు కొరికేరు?"
"నా గదిలో ఇంకెవరో దిగారే" అన్నాను.